ఱొమ్ము దెబ్బయు ఊపిరి కొలతయు

బండి మీదనుండి పడినవారును, చెట్టెక్కి జారినవారును ఒక్కొక్కప్పుడు చర్మము చిట్లక, నెత్తురు కారక లేచి కూర్చుండుట కలదు. చూచువారు గండము గడచినదని సంతోషింతురు. కాని ఱొమ్మునకు తగిలిన మొద్దుదెబ్బ విషయమున కంటిచూపు చాలదు, ఊపిరిని పరీక్షింపవలయును.

ఏలయన, మన ఱొమ్ము పండ్రెండు జతల ప్రక్కటెముకలతో నేర్పడిన పంజరము. అది విచ్చుకొనగా గాలి లోనికి వచ్చును. ముడుచుకొనగా వెలికి పోవును. ఎముక విరిగినచో ప్రతి శ్వాసయందును నొప్పి కలుగును. ఆ నొప్పికి వెఱచి రోగి పైపైననే ఊపిరి పీల్చును, దగ్గుటకును జంకును. అందుచే ఊపిరితిత్తుల అడుగుభాగములు ముడుచుకొనిపోవును. కఫము నిలిచి న్యుమోనియా పుట్టవచ్చును. ముదుసలులకు ఈ యపాయము మిక్కుటము. ఊపిరితిత్తియే నలిగినచో మొదటి దినముకంటె రెండవ దినమున ఆయాసము హెచ్చుటయు కలదు.

వైద్యుడు మొదట శ్వాసలను లెక్కించును. విశ్రాంతిగా నున్న పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 వఱకు సహజము. ఱొమ్ము రెండు ప్రక్కలును సమముగా లేచుచున్నవో లేదో చూచును. వరుసగా మూడెముకలు రెండేసి చోట్ల విరిగినచో, ఊపిరి పీల్చినపుడు ఆ భాగము పైకి లేవక లోనికి క్రుంగును. ఇది మిగుల ప్రమాదకరము. ఎక్స్-రే తీయుదురు గాని, కొన్ని పగుళ్లు అందు కానరావు. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు నెత్తుటిలోని ప్రాణవాయువును తెలుపును. ఆరోగ్యవంతులకు సామాన్యముగా అది నూటికి 95 మొదలు 100 వఱకు నుండును. అయితే రోగికి ప్రాణవాయువు నిచ్చుచున్నపుడు ఆ యంకె బాగుగా నుండియు, ఊపిరి బలము తగ్గిపోవుచుండవచ్చును.

ఆ బలమును కొలుచునది స్పైరోమీటరు. నిండుగా పీల్చి, పూర్తిగా విడిచిన గాలి యెంతయో అది చెప్పును. ఆంగ్ల వైద్యుడు జాన్ హచిన్‌సన్ 1846లో రెండువేలకు పైబడిన మనుష్యుల శ్వాసను ఇట్లు కొలిచి, ఆ కొలత మనిషి యెత్తును బట్టి పెరుగునని ప్రకటించెను. నేటి వైద్యులు ఎత్తు, వయస్సు, స్త్రీపురుష భేదము లెక్కించి, ఉండవలసిన కొలతతో రోగి కొలతను పోల్చుదురు. అది సగమునకు తగ్గినచో రోగిని కనిపెట్టి చూడవలయును. ఒక్కమారు కొలిచిన చాలదు. దినదినమును కొలిచి, పెరుగుచున్నదో తఱుగుచున్నదో గ్రహింపవలయును. ఊపిరితిత్తికిని ఱొమ్ముగోడకును నడుమ గాలి చేరియున్నవారిచే బలముగా ఊదింపరాదు. కావున ఈ పరీక్ష వైద్యుని యనుమతితోనే జరుగవలయును.

పూర్వము విరిగిన ప్రక్కటెముకలకు ఱొమ్ముచుట్టు బిగువుగా కట్టు కట్టుచుండిరి. అది శ్వాసను మఱింత తగ్గించునని తెలిసి, ఇప్పుడా పద్ధతిని విడిచిరి. నేటి చికిత్స నొప్పి తగ్గించుట, నిండుగా ఊపిరి పీల్పించుట, దగ్గించుట, లేపి నడిపించుట.

కావున, బాలబాలికలారా, ఱొమ్మునకు దెబ్బ తగిలినవారు మీ యింట నున్నచో, కట్టు బిగింపకుడు. వారి శ్వాసలను గడియారము చూచి లెక్కింపుడు. శ్వాస వడి హెచ్చినను, మాట మధ్య ఊపిరి చాలకున్నను, దగ్గలేకపోయినను, తెల్లవారువఱకు వేచియుండక ఆసుపత్రికి కొనిపొండు.