సైకిల్‌కు మోటర్ పెడితే అది సైకిలా, బండా?

మొన్నొక దినం పొద్దుగాల మా పక్క ఊరి పిలగాడు ఫోన్ చేసిండు. గొంతు వణుకుతున్నది. "అన్నా, నా సైకిల్ గుంజుకున్నరు" అన్నడు. ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నడు. కాలేజీ పదకొండు కిలోమీటర్లు. బస్సు పొద్దుగాల ఒక్కటే, అదీ వస్తే వచ్చినట్టు. వాళ్ళ నాయిన పత్తి పైసలల్ల కొన్ని పక్కకు పెట్టి ఆన్‌లైన్ల మోటర్ కిట్ తెప్పిచ్చిండు. పాత సైకిల్ ఎనక చక్రానికి బిగిచ్చిండ్రు. తనిఖీల ఆపి లైసెన్స్ ఏది, నెంబర్ ఏది అని అడిగిండ్రట. వీడు "సార్, ఇది సైకిల్" అన్నడట.

ఇద్దరిల ఎవరిది కరెక్టు? నిజం చెప్పాలంటె ఆ రోజు నాకూ తెల్వది. తర్వాత కూసొని చట్టం చదివిన. చదివింది మీకు చెప్పుడు నా బాధ్యత. ఎందుకంటె ఇయ్యాల ప్రతి ఊర్లె ఇసొంటి సైకిళ్ళు రెండు మూడు కనపడుతున్నయి.

మూడు నెంబర్లు గుర్తు పెట్టుకోండ్రి. 250, 25, 60. కేంద్ర మోటారు వాహనాల రూల్స్ 1989 ల ఉన్న లెక్క ఇది. బ్యాటరీ బండి మోటర్ పవర్ 250 వాట్ల లోపు ఉండాలె. స్పీడ్ గంటకు 25 కిలోమీటర్ల లోపే ఉండాలె. బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు దాటొద్దు. తొక్కుకుంట పోయే మోటర్ సైకిల్ అయితే 25 స్పీడ్ రాంగనే మోటర్ బంద్ కావాలె, తొక్కుడు ఆపినా బంద్ కావాలె. ముందట తెల్ల రిఫ్లెక్టర్, ఎనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలె. ఇవన్ని ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనం అనదు. రిజిస్ట్రేషన్ వద్దు, లైసెన్స్ వద్దు.

కానీ ఇంకొక మెలిక ఉన్నది. చాలామంది దెబ్బ తినేది ఈడనే. ఈ లెక్కలన్ని సరిగున్నయని పుణెల ఉన్న ఏఆర్ఏఐ లాంటి టెస్టింగ్ సంస్థ పరీక్ష చేసి ఒప్పుకోవాలె. షోరూంల అమ్మే తక్కువ స్పీడ్ బండ్లకు కంపెనీ ఆ సర్టిఫికెట్ తెచ్చుకుంటది. మనం ఇంట్ల పాన పట్టుకొని బిగిచ్చిన కిట్‌కు అది యాడికెల్లి వస్తది? 250 వాట్ల లోపే ఉన్నా కాయితం లేకుంటే రోడ్డు మీద వాదిస్తానికి చేతుల ఏం ఉండదు. ఇగ ఆన్‌లైన్ల 350, 500, 750, 1000 వాట్ల కిట్లు కుప్పలు తెప్పలు. అవి బిగిస్తే ముచ్చటే లేదు, చట్టం కండ్లల్ల అది బండే. మా పిలగాని మోటర్ మీద 750 అని రాసి ఉన్నది.

పెట్రోల్ ఇంజన్‌ది ఇంకో లెక్క. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు చక్రాల కన్న తక్కువ ఉండి, ఇంజన్ 25 సీసీ దాటకుంటే అది మోటారు వాహనం కాదు. మార్కెట్ల సైకిల్ ఇంజన్ అని అమ్మేవి ఎక్కువ 80 సీసీ పేరు మీదనే ఉంటయి. గడ్డి కోసే మిషన్ ఇంజన్ తీసి పెట్టేటోళ్ళు కూడా ముందుగాల దాని మీద ఎన్ని సీసీలు రాసి ఉన్నదో చూడుండ్రి.

బండి అని తేలినంక ఏమైతది? లైసెన్స్ లేకుంట నడిపితే చట్టంల 5,000 రూపాయల జరిమాన ఉన్నది. రిజిస్ట్రేషన్ లేకుంటే మొదటిసారి 5,000 దాక. ఇన్సూరెన్స్ లేకుంటే 2,000, లేకుంటే మూడు నెలల జైలు, రెండూ కూడా పడొచ్చు. నడిపింది 18 ఏండ్ల లోపు పిల్లలైతే 2019 ల తెచ్చిన సెక్షన్ 199ఎ ఉన్నది. తల్లిదండ్రికో బండి ఓనర్‌కో మూడేండ్ల దాక జైలు, 25,000 జరిమాన. ఆ పిలగానికి 25 ఏండ్లు వచ్చేదాక లైసెన్స్ ఇయ్యరు. 16 ఏండ్లోళ్ళకు గేర్లు లేని 50 సీసీ లోపు బండికి లైసెన్స్ ఇస్తరు గని, రిజిస్ట్రేషన్ లేని కిట్ సైకిల్‌కు అది పనికి రాదు.

జరిమాన కన్న నాకు భయం ఇంకోటి. ఆ సైకిల్ ఎవరన్న ముసలవ్వకు తగిలి కాలు ఇరిగిందనుకో. ఇన్సూరెన్స్ లేని బండి కాబట్టి నష్టపరిహారం ఓనర్ జేబులకెల్లే కట్టాలె. మన జేబుల ఏమున్నది? రెండెకరాల భూమి ఉన్నది. ఎనిమిది వేల కిట్ కోసం అది మీదికి తెచ్చుకుందామా?

అన్ని కాయితాలు ఉన్నా రానియ్యని జాగలు కొన్ని ఉన్నయి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి రెండు చక్రాలది ఏదీ ఎక్కొద్దు, సర్వీస్ రోడ్డు మీదనే పోవాలె. బెంగళూరు–మైసూరు హైవే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు బంద్. అమ్రాబాద్ అడివిల శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక ఏ బండినీ పోనియ్యరు. అది పులుల కోసం, అండ్ల నాకు పేచీ లేదు.

పేచీ యాడంటె, చట్టం ఎవరి మీద పడుతున్నది అన్న కాడ. న్యూయార్క్ ముచ్చట చూడుండ్రి. ఆడ త్రాటిల్ ఉన్న బ్యాటరీ సైకిళ్ళ మీద ఇంటింటికి అన్నం మోసేటోళ్ళు ఎక్కువ మంది వలస వచ్చిన కూలోళ్ళే. వాళ్ళకు 500 డాలర్ల ఫైన్ ఏసి సైకిళ్ళు గుంజుకునేటోళ్ళు. డెలివరీ కార్మికులు జమై ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. 2020 ల చట్టం మారింది. రూల్ రాతి మీద గీత కాదు, అడిగితే మారుతది.

మనం అడగాల్సినవి కూడా ఉన్నయి. కిట్ అమ్మేటోడు డబ్బా మీద "దీనికి రిజిస్ట్రేషన్ కావాలె, రోడ్డు మీద నడపొద్దు" అని తెలుగుల రాయాలె. వాడు పైసలు తీసుకొని తప్పుకుంటున్నడు, పట్టుబడేది పిలగాడు. జిల్లా కాడ తక్కువ ఖర్చుతోని పరీక్ష చేసి కాయితం ఇచ్చే దారి ఉండాలె.

అప్పటిదాక మీరు చేసేటివి ఇవి. కొనేముందు టెస్టింగ్ సర్టిఫికెట్ అడుగుండ్రి, జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకోండ్రి. "స్పీడ్ లాక్ తీసిస్త తమ్మీ" అనే మెకానిక్ మాట ఇనకుండ్రి. లాక్ తీస్తే సర్టిఫికెట్‌కు ఇలువ పోతది. బండి పట్టుకుంటే రాతపూర్వకంగ రసీదు అడుగుండ్రి. సెక్షన్ 207 కింద పట్టుకుంటే, కాయితాలతోని దరఖాస్తు పెట్టి విడిపిచ్చుకునే హక్కు ఓనర్‌కు ఉన్నది. అరిచి లాభం లేదు, కాయితమే మాట్లాడాలె.

మా పిలగాని ముచ్చట. మేము పోయి మాట్లాడినం. మోటర్ ఇప్పి ఉత్త సైకిల్ ఇచ్చిండ్రు, కేసు రాయలే. వాపస్ వచ్చేటప్పుడు వాళ్ళ నాయిన ఒక మాట అన్నడు. "బస్సు టయానికి వస్తే నేను ఈ మోటర్ ఎందుకు కొంటుంటి?" ఆడపిల్లలకు బస్సుల టికెట్ లేదు, మంచిదే. మరి బస్సే రాని ఊరికి ఆ ఫ్రీ ఏం జేసుకుంటది? వచ్చే సోమవారం మా నాలుగు ఊర్ల పిల్లల సంతకాలు తీసుకొని డిపో మేనేజర్ కాడికి పోతున్నం. మీ ఊర్లె కూడా ముందుగాల ఆ కాయితం రాయుండ్రి.