పుస్తకాన్ని ఆడడం!



ఆదివారంనాడు పొద్దున్నే మా గౌలిగూడనుంచి కోఠీ మీదుగా ఆబిడ్సుకు నడిచి వెళ్ళడం నాకు అలవాటు. అక్కడ ఆ రోజు మూసి ఉన్న దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. మొన్నొక ఆదివారం తొమ్మిదో తరగతి చదివే మా మనవణ్ణి కూడా వెంట తీసుకుపోయాను. పుస్తకాల గుట్టలో అగాథా క్రిస్టీ రాసిన ‘ది ఏబీసీ మర్డర్స్’ అనే నవల కనిపించింది.

“ఇది చదువుతావురా?” అని అడిగాను.

వాడు అట్ట చూసి, “ఇది నేను ఆడేశాను, తాతయ్యా!” అన్నాడు.

నేను తెల్లబోయాను. పుస్తకాన్ని ఆడడమేమిటి? ఇంటికి రాగానే వాడు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించాడు. అక్కడ చూసిన సంగతులూ, తరవాత తెలుసుకున్న సంగతులూ మీకు చెబుతాను. మీ అమ్మానాన్నలను కూడా దగ్గర కూర్చోబెట్టుకుని చదవండి.

అపరాధ పరిశోధన కథలు ఇవాళ పుట్టినవి కావు. కోనన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్ 1887లోనే లోకానికి తెలిశాడు. అగాథా క్రిస్టీ తన డిటెక్టివు పోయిరోను 1920లో ప్రవేశపెట్టింది. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు ఎంతో పేరు పొందారు. నా చిన్నతనంలో ఆ నవలలు అద్దెకు తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్య దాచుకుని చదివేవాళ్ళం. హెడ్మాస్టరుగా పనిచేసినవాడు ఈ మాట చెప్పకూడదు, కాని నిజం దాచడం మాత్రం న్యాయమా?

అప్పట్లో మేము యుగంధర్ వెనకే నడిచేవాళ్ళం. ఆయన చూసినది మేము చూడకపోయినా ఏమీ ఇబ్బంది లేదు. పేజీ తిప్పితే ఆయనే చెప్పేవాడు. ఆటలో అలా కాదు. ఆధారం మీరు కనిపెడితేగాని కథ ముందుకు సాగదు.

మా మనవడి ఆట 2016లో వచ్చింది. నవల 1936నాటిది. ఈ ఆటలో పోయిరో మనమే. తెరమీద ఒక గది కనబడుతుంది. బల్ల, సొరుగు, గడియారం, చెత్తబుట్ట - ఏది కావాలంటే దాన్ని దగ్గరగా చూడవచ్చు. ఎదటి మనిషితో మాట్లాడేముందు అతని చేతులూ, బూట్లూ, ముఖకవళికలూ పరీక్షించాలి. ఏ ప్రశ్న అడగాలో మనమే ఎన్నుకోవాలి. చివరకు ఆధారాలన్నీ ఒకదానితో ఒకటి జతచేసి, నేరం ఎలా జరిగిందో వరసగా చెప్పాలి.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. నవల చదివినవాడికి దోషి ఎవరో ముందే తెలుసు గదా! ఇంక ఆడడానికి ఏముంది?

ఆటలు తయారుచేసేవాళ్ళకూ ఈ చిక్కే వచ్చింది. దాన్ని వాళ్ళు ఎలా విడదీసుకున్నారో చూడండి. 1939లో క్రిస్టీ రాసిన ఒక నవలలో పదిమంది ఒక దీవిలో చిక్కుపడతారు. దాని పేరు ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’. 2005లో దాన్ని ఆటగా చేసినప్పుడు ఆ పదిమందికీ తోడు పదకొండో మనిషిని పెట్టారు. అతను పడవవాడు. ఆడేవాడికి ఆ వేషం ఇచ్చారు. అంతేకాదు, దోషిని కూడా మార్చేశారు! నవల చదివి ధీమాగా కూర్చున్నవాడికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ 1934నాటి నవల. 2006లో వచ్చిన ఆటలో పోయిరో కాలు బెణికి మంచం పట్టాడు. రైలు కంపెనీలో పనిచేసే ఒక యువతి రైలంతా తిరిగి ఆధారాలు తెచ్చిపెట్టాలి. ఆ యువతి పాత్ర మనది. అదే కథతో 2023లో మరో ఆట వచ్చింది. అందులో కథను మన కాలానికి మార్చి, జోఆనా లాక్ అనే కొత్త డిటెక్టివును కూడా చేర్చారు.

నాకు వీటన్నిటికన్న ముఖ్యమనిపించినది వేరొకటి. ఉక్రెయిన్‌కు చెందిన ఫ్రాగ్‌వేర్స్ అనే సంస్థ 2014లో షెర్లాక్ హోమ్స్ ఆట ఒకటి విడుదల చేసింది. దాని పేరు ‘క్రైమ్స్ అండ్ పనిష్మెంట్స్’. అందులో ఆరు కేసులున్నాయి. మొదటిది డాయిల్ 1904లో ప్రచురించిన ‘బ్లాక్ పీటర్’ కథ ఆధారంగా చేసినది. ఈ ఆటలో దొరికిన ఆధారాలను మెదడులోని నరాల మాదిరి గీతలతో కలుపుతూ పోవాలి. అవే ఆధారాలను ఒకలా కలిపితే ఒక మనిషి దోషి అవుతాడు, మరోలా కలిపితే ఇంకొకడవుతాడు. మీరు పొరపాటున నిర్దోషిని పట్టుకుంటే ఆట మిమ్మల్ని ఆపదు. అతనిపైనే నేరం మోపి కేసు ముగిస్తుంది! మీ నిర్ణయం తప్పో ఒప్పో ఆ తరవాతనే తెలుసుకోవచ్చు.

ఇది వినగానే నాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చి గుండె కలుక్కుమన్నది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒకనాడు డ్రిల్లు పీరియడు అయి పిల్లలు తరగతికి తిరిగి రాగానే ఒక కుర్రవాడు, “నా పెన్ను పోయిందండీ!” అని ఏడుపు మొదలుపెట్టాడు. ఖరీదైన పెన్ను. డ్రిల్లు మధ్యలో మంచినీళ్ళకని మరొక కుర్రవాడు తరగతిలోకి వెళ్ళాడని నలుగురూ చెప్పారు. వాడు బీదవాడు, చొక్కాకు గుండీలు కూడా సరిగా లేవు. నాకు అంతే చాలింది. అందరి ఎదుటా, “నువ్వే తీశావు, ఇచ్చెయ్యి!” అని గద్దించాను. వాడు తలవంచుకున్నాడుగాని ఒక్క మాట అనలేదు. తలవంచుకోవడమే సాక్ష్యమనుకున్నాను.

రెండు రోజుల తరవాత పెన్ను దొరికింది. దాని సొంతదారే దాన్ని రుమాల్లో చుట్టి టిఫిను సంచీ అడుగున పెట్టి మరిచిపోయాడు. “పెన్ను ఆఖరుసారి ఎక్కడ పెట్టావు?” అని నేను అడగవలసిన మొదటి ప్రశ్న అదే. దాన్ని అడగలేదు. మర్నాడు తరగతి ఎదుట ఆ బీద కుర్రవాణ్ణి క్షమించమని కోరాను.

ఈ కథ చెబితే మా మనవడు, “మరి ఆ అబ్బాయి ఏమన్నాడు, తాతయ్యా?” అని అడిగాడు.

“‘ఫరవాలేదండీ’ అన్నాడు. కాని ఆ సంవత్సరమంతా వెనక బెంచీలోనే కూర్చున్నాడు.”

మనవడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఆటలో తప్పు చేస్తే మళ్ళీ మొదటినుంచి ఆడొచ్చు,” అన్నాడు. వాడికి సంగతి బోధపడిందనుకున్నాను.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆట అనగానే కోప్పడకండి. అలా అని ఆట అప్పజెప్పి మీ పనిమీద మీరు వెళ్ళిపోకండి. ఇవి హత్యల కథలు. ఏ వయసువారికి తగినవో ఆటమీద గుర్తు ఉంటుంది, అది చూడండి. వేళ పెట్టి ఆడనివ్వండి. అప్పుడప్పుడు పక్కన కూర్చుని, “అతనే అని ఎలా చెప్పగలవు?” అని అడగండి.

పిల్లలకు ఇంకొక మాట. ఆటలో గదినిండా ఉన్న ఆధారాలు, తయారుచేసినవాడు మీకోసం పెట్టినవి. ఇంట్లోనూ బడిలోనూ అలా ఎవరూ పెట్టరు. కనక ఆట అయిపోయాక పుస్తకం కూడా చదవండి. రచయిత ఏ మాటలో ఆధారం దాచిందో వెతకండి. అంత చిన్న విషయాలు గమనించడం అలవాటయితే అది ఆటలోనే కాదు, అంతటా పనికివస్తుంది.

ఆఖరుకు మీకొక పని చెబుతాను. ఈసారి మీ ఇంట్లో ఏదైనా వస్తువు కనబడకపోతే ఎవరి పేరూ చెప్పకండి. కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీ కంటితో చూసినది రాయండి. రెండో గడిలో ఇతరులు చెప్పినది రాయండి. మూడో గడిలో మీరు అనుకుంటున్నది రాయండి. మూడో గడి నిండి మొదటి గడి ఖాళీగా ఉన్నంతసేపూ నోరు మెదపకండి. ఆ రోజున నా దగ్గర అలాంటి కాగితం ఒకటి ఉంటే ఆ కుర్రవాడు ముందు బెంచీలోనే కూర్చునేవాడు.

అన్నట్టు, ఆబిడ్సులో ఆ నవల కొనే తెచ్చాను. మా వాడు ఇప్పుడు దాన్ని చదువుతున్నాడు!