టాలీవుడ్ (పద ప్రయోగం)

టాలీవుడ్ అనేది హైదరాబాదులోని జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు ప్రధాన కేంద్రంగా గల తెలుగు చలనచిత్ర పరిశ్రమకు వాడుక పేరు. అయితే ఈ పదం తొలుత మనది కాదు. కలకత్తాలోని టాలీగంజ్ పేరును హాలీవుడ్‌తో జోడించి, 1932లో ఒక అమెరికా పత్రికలో బెంగాలీ పరిశ్రమను ఉద్దేశించి వాడారు. నేటికీ అక్కడ ఈ పేరు వాడుకలో ఉంది.

వికీ వ్యాసాలలో

"టాలీవుడ్ నటుడు" అని వ్రాస్తే ఏ భాషా నటుడో తేలదు. "తెలుగు సినిమా" భాషను, "ఫిల్మ్ నగర్" స్థలాన్ని సూచిస్తాయి. 1951లో మద్రాసులో నిర్మించిన పాతాళభైరవి తెలుగు సినిమాయే గాని ఫిల్మ్ నగర్ సినిమా కాదు. పరిశ్రమ హైదరాబాదుకు క్రమంగా తరలివచ్చింది ఆ తరువాతి దశాబ్దాలలోనే. పలువురు కలిసి వ్రాసే విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీలోని తప్పు మాటను ఇతర పేజీలలోనూ ఎత్తి వ్రాస్తారు. కనుక చరిత్ర వ్రాసేటప్పుడు "తెలుగు సినిమా" అనడమే సరియైనది.