కడుపు మాడ్చుకుంటే బరువు తగ్గుతుందా?

పొద్దున టీ చుక్క, మధ్యాహ్నం నాలుగు కీరదోస ముక్కలు... రాత్రి పదింటికి మాత్రం వంటింట్లో డబ్బాల మూతల చప్పుడు! బరువు తగ్గాలనుకునే చాలా ఇళ్లలో ఇదే కథ. పట్టుదల లేక కాదు, ఆకలి బలం అలాంటిది.

జీర్ణాశయం నుంచి మెదడుకు ఆకలి కబురు మోసే హార్మోను గ్రెలిన్. జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని 1999లో గుర్తించారు. బరువు తగ్గినవారిలో ఏడాది తర్వాత కూడా ఇది ఎక్కువగానే ఉన్నట్టు 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. అందుకే ఆకలితో పోట్లాడకూడదు, బుజ్జగించాలి.

ఆ కిటుకు కర్నూలు జిల్లా కోడుమూరు వైపు పాతకాలపు కంచంలోనే ఉంది. హంద్రీ ఒడ్డున ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, మజ్జిగే భోజనం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరన్నం పేదల ఇళ్లకూ చేరింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో మూడులోపే. పీచున్న తిండి నిదానంగా అరుగుతుంది. రొట్టెను నమిలి తినాలి కాబట్టి కడుపు నిండిన కబురు మెదడుకు చేరే వ్యవధీ దొరుకుతుంది.

అలాగని నాలుగు రొట్టెలు లాగిస్తే లాభం లేదు. కెలోరీల్లో జొన్నలు, బియ్యం ఇంచుమించు సమానమే! ఒక రొట్టె, రెట్టింపు ఆకుకూర పప్పు చాలు. ఇక్కడ బుడ్డలనే వేరుసెనగల పొడి చెంచాకు మించొద్దు. సాయంత్రం గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు, గ్లాసు పల్చటి మజ్జిగ తీసుకుంటే రాత్రి డబ్బాల జోలికి వెళ్లాలనిపించదు. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం ముందుగా డాక్టరును అడగాలి.