థైరాయిడ్ తీశాక మనసెందుకు మారుతుంది?

ప్రశ్న: గొంతు దగ్గర గడ్డ ఉందని థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేశారు. కుట్లు మానాయి, మాత్ర రోజూ వేసుకుంటున్నాను. కానీ చిన్న మాటకే కళ్లలో నీళ్లొస్తున్నాయి, పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నాను. ‘ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా ఏమిటి?’ అంటున్నారు ఇంట్లో. ఇలా ఎందుకు? ఎలా బయటపడాలి?

జవాబు: ఈ ఆపరేషన్ అయినవాళ్లు చాలామంది చెప్పే మాటే ఇది. చాలాసార్లు దీనికి కారణం ఒంట్లోనే ఉంటుంది. రక్తపరీక్షలో దొరుకుతుంది, సరిచేయడానికీ వీలుంటుంది. కాబట్టి మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ఎందుకు?

మెదడుతో సహా ఒళ్లంతా ఏ వేగంతో పనిచేయాలో థైరాయిడ్ హార్మోనే నిర్ణయిస్తుంది. వైద్యులకు ఈ సంగతి తెలియడానికి ఒక కారణం ఈ ఆపరేషనే. గ్రంథి మొత్తం తీసేసిన రోగులు కొన్నాళ్లకు మందకొడిగా, నిరుత్సాహంగా మారిపోతున్నారని స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోఖర్ 1883లో వెల్లడించాడు. అప్పటికి దానికి మందు లేదు. 1891లో ఇంగ్లండ్ వైద్యుడు జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని సూదిమందుగా ఇచ్చి, హార్మోను లోపంతో బాధపడుతున్న ఒకామెను కోలుకునేలా చేశాడు. మీరు వేసుకునే లెవోథైరాక్సిన్ ఆ దారిలో వచ్చిందే.

చిక్కంతా మోతాదు దగ్గర. మొదటి డోసును ఎక్కువగా ఒంటి బరువును బట్టి అంచనా వేసి ఇస్తారు. అది చాలకపోతే దిగులు, మతిమరుపు, మత్తు, చలి, మలబద్ధకం వస్తాయి. ఎక్కువైతే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి, చిరాకు. క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన కొందరికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను) తక్కువగా ఉండేలా కావాలనే డోసు పెంచుతారు, అప్పుడు ఎక్కువైనప్పటి లక్షణాలే కనిపించవచ్చు. రేడియో అయోడిన్ చికిత్స కోసం కొన్ని వారాలు మాత్ర ఆపినవారికి ఆ రోజుల్లో దిగులు ముంచుకొస్తుంది.

కాల్షియం సంగతీ చూడాలి. థైరాయిడ్ వెనక సాధారణంగా నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగిలితే రక్తంలో కాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, కండరాలు పట్టేయడం, కారణం లేని ఆందోళన కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఎలా?

మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ, టీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగాకే. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు.

ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే కొత్త డోసు ఫలితం తేలడానికి సుమారు ఆరు వారాలు కావాలి. ఇవాళ దిగులుగా ఉందని ఇంకో సగం మాత్ర వేసుకోవడం, రేపు బాగుందని మానేయడం రెండూ చేటే. డోసు మార్చే పని డాక్టరుకే వదలండి.

నిద్ర, దడ, ఏడుపు, కోపం ఎలా ఉన్నాయో రోజూ రెండు ముక్కలు రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. ‘నీరసంగా ఉంది’ అని ఊరుకుంటే అసలు విషయం బయటపడదు. టీఎస్‌హెచ్, కాల్షియంతో పాటు హిమోగ్లోబిన్, విటమిన్ బీ12 కూడా చూడాలేమో అడగండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు ముందే చెప్పండి. వాటివల్ల ఫలితాలు తప్పుగా రావచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే అది విడిగా చికిత్స చేయాల్సిన డిప్రెషన్ కావచ్చు. జబ్బు భయం, గొంతు మీది మచ్చ, మారిన స్వరం కూడా మనసును కుంగదీస్తాయి. మానసిక వైద్యుల్ని కలవడానికి మొహమాటపడకండి. చనిపోవాలనే ఆలోచన వస్తే క్షణం ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్లకూ ఒక మనవి. ‘ఇంకా ఏమిటి?’ అని అడగడం మాని, తర్వాతి పరీక్షకు తోడుగా వెళ్లండి. ఇంట్లో మీకు కనిపించిన మార్పుల్ని మీరే డాక్టరుకు చెప్పండి.