నాలుగు గట్లూ సమానమే, మరి చేను?

తణుకు పరిసరాల్లో రెండు వరిచేలున్నాయనుకోండి. రెండింటికీ నాలుగేసి గట్లు. ఒక్కొక్క గట్టు సరిగ్గా 50 మీటర్లు. ఏ చేను చుట్టూ తిరిగినా 200 మీటర్ల నడకే. రెండింటినీ ఒకే ధరకు అమ్ముతామంటే ఏది కొన్నా ఒకటేనా?

తొందరపడి అవుననకండి. ముందు ఈ ప్రయోగం చేసి చూడండి.

ఒకే పొడవున్న నాలుగు చీపురు పుల్లలు తీసుకోండి. సైకిల్ వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్క రెండు చివరల్లోనూ రెండు పుల్లల కొనలు దూర్చండి. నాలుగు మూలలూ కలిపితే చతురస్రం తయారవుతుంది. ఇప్పుడు ఎదురెదురు మూలల్ని మెల్లగా నొక్కండి. చట్రం ఒక పక్కకు వాలుతుంది. పుల్లల పొడవు మారలేదు, కోణాలు మారాయి. ఇది సమచతుర్భుజం. ఇంకా నొక్కితే పుల్లలు దగ్గరకు చేరి, మధ్యలోని చోటు దాదాపు మాయమవుతుంది!

మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కండి. అది వాలదు. మూడు భుజాల కొలతలు చాలు, త్రిభుజం ఆకారం నిర్ణయమైపోతుంది. కొవ్వూరు, రాజమండ్రిల మధ్య గోదావరి మీది రోడ్డు-రైలు వంతెనలో ఇనుప కమ్మీల్ని త్రిభుజాలుగా అమర్చింది అందుకే. చతుర్భుజానికి మాత్రం భుజాలు తెలిస్తే చాలదు.

మరి చతుర్భుజాన్ని గుర్తుపట్టడం ఎలా? మూడు ప్రశ్నలు వేయండి.

ఒకటి: భుజాలు సమానమా? నాలుగూ సమానమైతే అది చతురస్రమైనా కావాలి, సమచతుర్భుజమైనా కావాలి. ఎదుటి భుజాలు మాత్రమే సమానమైతే దీర్ఘచతురస్రమో, సమాంతర చతుర్భుజమో అవుతుంది.

రెండు: మూలలు లంబకోణాలా? అవునంటే చతురస్రం, దీర్ఘచతురస్రం. కాదంటే మిగిలిన రెండూ.

మూడు: మడిస్తే రెండు సగాలూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయా? దీన్నే సౌష్ఠవం అంటారు. కాగితం కత్తిరించి చూడండి. చతురస్రం నాలుగు విధాల మడతపడుతుంది. దీర్ఘచతురస్రం రెండు విధాల, అదీ భుజాల నడిమి గీతల మీదే. సమచతుర్భుజం కూడా రెండు విధాలే, అయితే కర్ణాల మీద. మామూలు సమాంతర చతుర్భుజం ఎలా మడిచినా కుదరదు. కానీ సగం చుట్టు తిప్పితే మళ్లీ తన చోటులోనే సరిపోతుంది!

ఈ చిక్కు మన పెద్దలకూ తెలుసు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు చతుర్భుజాలను అయిదు రకాలుగా విభజించి, వైశాల్యానికి ఉజ్జాయింపు లెక్కను, సూక్ష్మమైన లెక్కను విడివిడిగా చెప్పాడు. ఎదుటి భుజాల సగటులను గుణించడం ఉజ్జాయింపు లెక్క. దాని ప్రకారం మన రెండు చేలూ సమానమే! 1150లో లీలావతి రాసిన భాస్కరాచార్యుడైతే, కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవారినీ, చెప్పేవారినీ కూడా గట్టిగా మందలించాడు.

ఇప్పుడు చేలకు వద్దాం. మొదటిదాని మూలలు లంబకోణాలైతే వైశాల్యం 2500 చదరపు మీటర్లు, సుమారు 62 సెంట్లు. రెండోదాని ఒక మూల 60 డిగ్రీలే అయితే వైశాల్యం సుమారు 2165 చదరపు మీటర్లు. 8 సెంట్లకు పైగా తక్కువ! గట్లు కొలిచి డబ్బిచ్చినవాడు అంత నేలకు ఊరికే చెల్లించినట్టే.

మోసపోకుండా ఉండాలంటే ఐమూలగా తాడు పట్టాలి. మొదటి చేనులో రెండు కర్ణాలూ 70.7 మీటర్లు. రెండోదానిలో ఒకటి 50, ఇంకొకటి 86.6. ఈ రెండింటినీ గుణించి సగం చేస్తే సమచతుర్భుజ వైశాల్యం వచ్చేస్తుంది. ఇంటికి పునాది గీసేటప్పుడు మేస్త్రీ ఐమూలలు రెండూ కొలిచి సరిచూసుకునేది కూడా ఇందుకే.

అయితే కర్ణాలు సమానమైతే చాలా? కాలువను అడ్డంగా కోసినట్టు ఊహించండి. పైన వెడల్పు, అడుగున ఇరుకు, రెండు వాలులూ సమానం. అది సమలంబ చతుర్భుజం. దాని కర్ణాలు సమానమే, మూలలు మాత్రం లంబకోణాలు కావు. కనుక మూడు ప్రశ్నలూ వేశాకే పేరు పెట్టాలి.

ఈ కాలువ ఆకారం ఎన్ని విధాల మడతపడుతుందో కాగితం తీసి మీరే తేల్చండి!