మన కొండలలోని మణులు

మణి యనఁగానే మన చూపు ఆకాశమువైపు పోవును. కెంపు సూర్యునిది, ముత్యము చంద్రునిది, పగడము కుజునిది, పచ్చ బుధునిది, పుష్యరాగము గురునిది, వజ్రము శుక్రునిది, నీలము శనిది, గోమేధికము రాహువుది, వైడూర్యము కేతువుది అని మన యిండ్లలో బాలురు సయితము ఏకరువు పెట్టుదురు. తన యుంగరములోని రాయి ఏ గ్రహమునకు చెందినదో ఎఱుఁగని గృహస్థు అరుదు. అది ఏ కొండలో పుట్టినదో, ఎవరిచేత సానపట్టఁబడినదో ఎఱిఁగిన గృహస్థు అంతకంటెను అరుదు. ఈ రెండవ యెఱుక లేమిచేత శ్రీకాకుళ విజయనగర ప్రాంతములకు కలుగుచున్న నష్టమును పాఠకులు ఒకింత ఆలోచింపవలసియున్నది.

శ్రీకాకుళము చెంత అరసవిల్లిలో ఏఁటేఁట మార్చి, అక్టోబరు మాసములందు ఉదయకిరణములు సూర్యభగవానుని పాదములను సోకును. ఆ సూర్యునకు కెంపును ఎన్నుకొనిన మన పూర్వులు రాతిలో వెలుఁగునే పూజించిరి. మణి గొప్పతనమంతయు వెలుఁగును పట్టి మరల నిచ్చుటలోనే కలదు. ఆ శక్తి త్రవ్వినపుడు కానరాదు. సానవాని చేతిలో బయటపడును. భక్తితోపాటు లెక్కయు మన పెద్దలకు తెలియును. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో సింహాచలమునకు వచ్చి స్వామికి సమర్పించిన కంఠమాలలో 991 ముత్యములు కలవని అచటి శాసనము చెప్పుచున్నది. చక్రవర్తి యిచ్చిన కానుకకును లెక్క వ్రాయించిరి.

అట్టి మణులకు మన కొండలు పుట్టినిండ్లు. తూర్పు కనుమలలో విరివిగా నున్న యొక శిలకు 1902లో వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు ఖోండలైటు అని పేరు పెట్టెను. అది యీ కొండలలో నివసించు ఖోండుల పేరు. పూర్వకాలమున నీటి యడుగున చేరిన బురదయు ఇసుకయు భూగర్భమున లోఁతుగా దిగబడి, మిక్కుటమైన వేఁడిమికిని ఒత్తిడికిని లోనై, ఎఱ్ఱని గార్నెటులు పొదిగిన శిలగా మాఱినవి. మణులకు ప్రసిద్ధికెక్కిన సింహళమునందును ఇట్టి శిలలు కలవు; ఒకప్పుడు ఆ ద్వీపమును మన తీరమును ఒకే భూఖండములోనివి. మనము రాహువునకు ధరించు గోమేధికము గార్నెటు కుటుంబములోనిదే. వానలు కొండలను కోయఁగా, వంశధార నాగావళులు ఆ రేణువులను సముద్రమునకు చేర్చును. కళింగపట్నము, భీమునిపట్నము తీరములలో ఇసుకపై కనఁబడు ఎఱుపు చారలు గార్నెటు, నలుపు చారలు ఇల్మనైటు.

వైడూర్యమును ఈ కనుమలలో దొరకును. క్రైసోబెరిల్ అను ఖనిజమునందు సూదులవంటి సన్నని పోఁగులు ఒకే వరుస నిమిడియున్నచో, దానిని గుమ్మటమువలె గుండ్రముగా సానపట్టినపుడు పిల్లికన్నువంటి తెల్లని రేఖ మెఱయును. పలకలుగా చెక్కినచో ఆ రేఖ మాయమగును. ఇట్టి విద్య మన పట్టణములలో వేళ్లూనలేదు. అనకాపల్లి జిల్లా గొలుగొండ చేరువనున్న కరక కొండలలో రంగురాళ్లకై అనుమతి లేని త్రవ్వకములు పలుమాఱు జరిగినవి. చాటున త్రవ్విన రాయి చాటుననే అమ్ముడుపోవును. త్రవ్వినవానికి దినకూలి, దళారికి లాభము, సానపనిలోని సొమ్ము రాజస్థానములోని జయపూరు వంటి దూరనగరములకు. ఖోండుల పేరు శిలకు దక్కినది. శిలలోని ధనము ఖోండులకు దక్కలేదు.

కొనువాని స్థితియు మెఱుఁగు కాదు. ఆ 1902లోనే వెర్నూయి అను ఫ్రెంచి రసాయనవేత్త అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపును చేయు విధమును ప్రకటించెను. గనిలోని కెంపునకును దీనికిని ద్రవ్యమొకటే. సూక్ష్మదర్శినిలో చూచినపుడే దీని లోపలి వంపుగీతలును గాలిబుడగలును బయటపడును. పగుళ్లను సీసపు గాజుతో పూడ్చిన కెంపులును నేఁడు బజారులోనికి వచ్చుచున్నవి. కుందనపు పనిలో రాతి వెనుక తళుకురేకు వేసి మూయుదురు. అందము ఇనుమడించును గాని, లోపమును దాని చాటుననే దాఁగును. పంట సొమ్ముతో కూఁతునకు కెంపుల అడ్డిగ చేయించు రైతు బంగారమును గీటురాతిపై గీయించి చూచుకొనును. రాతిని మాత్రము వర్తకుని మాటపై కొనును. కష్టకాలమున అమ్మఁబోయినపుడు అంగడివారు రాళ్ల తూకమును తీసివేసి బంగారమునకే వెల కట్టుదురు. అప్పుడు గాని ఆ గృహస్థునకు తాను దేనికి సొమ్మిచ్చెనో తెలియదు.

ఇందుకు చేయవలసిన పనులు మూఁడు కలవు. మొదటిది కొనువారి చేతిలోనిది: వెలగల రాయికి పరీక్షాశాల పత్రమును అడుగవలెను, సహజమా, కృత్రిమమా, పూడ్చినదా యని అందు వ్రాసియుండవలెను. రెండవది విద్య: విజయనగర శ్రీకాకుళములలో స్వర్ణకారుల బిడ్డలకును మన్యపు యువకులకును సానపట్టు పనిని, రత్నపరీక్షను నేర్పు పాఠశాలలు వెలయవలెను. మూఁడవది గనుల హక్కు. సమత అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున, షెడ్యూల్డు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనుల కౌలు కీయరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గిరిజనుల సహకార సంఘములకు మాత్రము ఆ తీర్పు త్రోవ తెఱచియుంచెను. ఆ త్రోవను నడచు సంఘములకు ప్రభుత్వము పెట్టుబడియు శిక్షణయు సమకూర్చినచో దొంగత్రవ్వకములకు తావు తగ్గును. కొండమీఁది కూలివాఁడు తన రాతికి యజమానుఁ డగును.

రాఁబోవు వివాహములకు నగలు చేయింపఁదలఁచిన వారు దుకాణమున అడుగు మొదటి ప్రశ్న, ఈ రాయి ఎక్కడ పుట్టినది, ఎవరు సానపట్టిరి, పత్రమేది యని యుండుగాక. గ్రహము సంగతి పిమ్మట అడుగవచ్చును.